జీడిపేట ప్రమాణ పేద

జీడిపేట తూనికలు కొలతల కార్యాలయంలో, కిలో రాయికీ మీటరు కడ్డీకీ మధ్యనున్న గాజు అల్మారాలో, బొడ్డు ఆదెమ్మను జిల్లా ప్రమాణ పేదగా ఉంచి అప్పటికి ఆరేళ్లయింది. కిలో అంటే ఎంతో చెప్పడానికి ఒక రాయి ఉన్నప్పుడు పేదరికం ఎంతో చెప్పడానికి ఒక మనిషి ఉండాలి కదా అని ప్రభుత్వం ఆలోచించింది. ఆమె పదింటికి వచ్చి అల్మారాలో కూర్చునేది, ఐదింటికి దిగి ఇంటికి వెళ్లేది. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి వేళ్లు నల్లబడిన మనిషి కనుక నీడపట్టున కూర్చునే ఉద్యోగం ఆమెకు నచ్చింది. నెలకోసారి ఇన్‌స్పెక్టర్ కామేశ్వరరావు ఆమెను పేదరికం కాటా ఎక్కించేవాడు. ముల్లు నూరు దగ్గర నిలవాలి. నిలిచేది.

ఆ ఏడు ఎన్నికల ముందు, పేదలకు ఎవరి ఆర్థిక విధానం మేలన్న విషయమై నిచ్చెన పార్టీకీ గొడుగు పార్టీకీ వాదన ముదిరింది. టీవీలో ఇద్దరు పెద్దమనుషుల చొక్కాలు చిరిగాయి. మాటలెందుకు, కొలిపించుకుందామని రెండు పార్టీలూ ఆదెమ్మ దగ్గరికి వచ్చాయి.

ముందు వంతు నిచ్చెన పార్టీది. పేదవాడికి పని చూపిస్తే వాడే ఎక్కుతాడన్నది వాళ్ల విధానం. ఆదెమ్మకు పిక్కలు ఒలిచే మిషను ఇచ్చారు. నెల తిరక్కుండా ఆమె పక్కింటి నీలమ్మను పనిలో పెట్టుకుంది. గొంతు పెరిగింది. దళారి ధర తగ్గించబోతే "నచ్చితే కొను, నేకపోతే పో" అంది. జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు. ముల్లు డెబ్బై రెండుకు దిగింది. నిచ్చెన పార్టీ బాణసంచా కాల్చింది.

కామేశ్వరరావుకు మాత్రం చెమట పట్టింది. ప్రమాణం మారితే జిల్లాలోని కొలతలన్నీ తప్పుతాయి. అందుకని మిషను వెనక్కి తీసుకున్నారు. మూడు వారాల్లో ముల్లు నూరుకు వచ్చింది.

తర్వాత గొడుగు పార్టీ బియ్యం ఇచ్చింది, ఇంటికి రేకులు వేయించింది, ఎన్నాళ్లనుంచో పీకుతున్న మోకాలికి వైద్యం చేయించింది. ఆదెమ్మ ఆ వారం ఏ పనీ లేకుండానే సముద్రం దాకా నడిచి వెళ్లి, అలల్లో కాళ్లు పెట్టి నిలబడి వచ్చింది. ముల్లు డెబ్బై రెండు. ఈసారి బాణసంచా గొడుగు పార్టీది. బియ్యం ఆపారు. రేకులు విప్పారు. మోకాలికి చేసిన వైద్యాన్ని వెనక్కి తీసుకోవలసిందిగా డాక్టరుకు ఉత్తర్వు వెళ్లింది. ఆయన మంచివాడు, నొప్పి తెలియకుండా నొప్పిని తిరిగి పెట్టాడు.

ఫలితం సమానమైంది. తీర్పు చెప్పలేక అందరూ తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు, ఆదెమ్మ చిన్నగా అడిగింది.

"బాబూ, రెండూ కలిపిచ్చి, మరి తీసుకోకండా ఒగ్గేత్తే ఏటవుద్ది?"

కామేశ్వరరావు ఆమెను జాలిగా చూశాడు. "ముల్లు పడిపోతుందమ్మా. అప్పుడు వీళ్లు దేన్ని కొలుచుకుంటారు?"

నిచ్చెన పార్టీ నాయకుడు తల ఊపాడు. గొడుగు పార్టీ నాయకుడూ ఊపాడు. ఆ ఎన్నికల్లో ఇద్దరూ ఏకీభవించిన విషయం అదొక్కటే.

ఒక్క మనిషితో కొలిస్తే తేడా తెలియడం లేదని, మండలానికొక ప్రమాణ పేద ఉండాలని రెండు పార్టీలూ కలిసి తీర్మానించాయి. దరఖాస్తుదారుల వరస కార్యాలయం నుంచి రైల్వేగేటు దాటిపోయింది. ఎంపికైన వాళ్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత ఆదెమ్మకు అప్పగించారు. మొదట వచ్చినావిడ పేరు లక్కమ్మ, ఉప్పుమడిలో కూలి. ఎలా కూర్చోవాలో, కాటా మీద ఎలా నిలబడాలో ఆదెమ్మ ఓపిగ్గా చూపించింది.

"ఇచ్చినప్పుడు తీసుకో, అడిగినప్పుడు ఇచ్చీ. నానూ ఓ పాలి మిషను నాదే అనుకున్నాను. ఆ మూడు వారాలూ శానా కష్టమైపోనాది. నువ్వు ఆశ పెట్టుకోకు."

లక్కమ్మ నవ్వి, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది.

"దానికి నేర్పేదేటుందప్పా? అది మాకలవాటే గదా."