నెగోరో మాస్టారి మౌనసంగ్రామం

తొలిమంచు ఇంకా పడక, నేడో రేపో పడుతుందని ఇళ్ళ కప్పులన్నీ బిక్కుబిక్కుమంటున్న నవంబరు మాసాన, సముద్రపు గాలి కిటికీ రెక్కలను రణభేరుల్లా మోగిస్తున్న అకితా సీమలో, కమినోసె పట్టణంలో, అధ్యాపకకుల వృద్ధకేసరి, సుద్దముక్కల సవ్యసాచి, పరుల పాఠం నడుమ నోరు పెట్టడంలో అద్వితీయుడు అయిన నెగోరో మాస్టారు దండయాత్రకు సంచి సర్దుకుంటున్నారు. పరాయి బడి నేల తొక్కడానికి, గదుల్లో మాత్రమే వేసుకునే లోపలి చెప్పులు, రాసుకోవడానికి అట్ట, బార్లీ టీ ఫ్లాస్కు ఒక్కొక్కటే అందులోకి దిగాయి.

"ఇంకేం మర్చిపోయారు?" అంది ఆయన భార్య షిగెనో. సంచి సర్దేవాళ్ళ పక్కన నిలబడ్డవాళ్ళకు ఆ భయం ఎప్పుడూ ఉంటుంది.

"ఏమీ లేదు."

"ఆ నోరేదో ఇంట్లో పెట్టి వెళ్ళండి. పోయినసారి పాఠం చూడ్డానికి వెళ్ళి, పిల్లాడి చెవిలో జవాబు ఊది వచ్చారుగా."

"ఊదలేదే. దగ్గాను."

"దగ్గులో పన్నెండు అని వినిపించిందట."

ఆ సీమలో ఉపాధ్యాయులకు ఒక ధర్మశాస్త్రం ఉంది. తోటివారి పాఠం చూడబోయినవాడు చూడాలి. పిల్లలకు జవాబు అందించరాదు, తల ఊపరాదు, కనుబొమ్మ సైతం ఎగరేయరాదు. పద్మవ్యూహాలు ఛేదించినవారున్నారు గానీ, ఈ నియమాన్ని చివరిదాకా కాపాడిన ఉపాధ్యాయుడు అరుదు.

ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న హిరుమా టీచరు ముందురోజు ఫోను చేసి మరీ హెచ్చరించింది. "మాస్టారూ, మీరు రావాలి. మాట్లాడకూడదు. నా క్లాసులో నజునా అని ఒక పిల్ల ఉంది. ఏం అడిగినా పక్కవాళ్ళ మొహం చూసి రాస్తుంది. ఒక్కసారైనా తన తప్పు తనే పట్టుకోవాలని ఈ పాఠం సిద్ధం చేశాను. మీరు ఒక్క మాట అందించారంటే, ఇక జన్మంతా మీలాంటివాళ్ళ మొహాలే చూస్తుంది."

అందుకే షిగెనో, బ్రహ్మాస్త్రం ప్రసాదించే దేవతలా, ఉప్పులో ఊరిన, పళ్ళు పులిసిపోయేంత పుల్లటి ఉమె కాయ ఒకటి ఆయన చేతిలో పెట్టింది. "గింజ బుగ్గన ఉంచుకోండి. మాట వచ్చినప్పుడల్లా చప్పరించండి."

మూడో తరగతి గది గోడల వెంట ఉపాధ్యాయసేన లోపలి చెప్పులు టపటపలాడించుకుంటూ బారులు తీరింది. నెగోరో మాస్టారికి నజునా బల్ల పక్కనే చోటు దొరకడం విధివిలాసం. హిరుమా టీచరు బోర్డు మీద లెక్క రాసింది: ఇరవై ముగ్గురు పిల్లలు, పడవకు నలుగురే పడతారు, అందరూ ఏరు దాటాలంటే ఎన్ని పడవలు కావాలి?

నజునా భాగించింది. ఐదు వచ్చింది, మూడు మిగిలింది. పక్కనున్న జింటా కాగితం చూసింది. అక్కడా ఐదే. ఐదు పడవలని రాసి పెన్సిలు కింద పెట్టేసింది.

అప్పుడు లేచింది మాస్టారి జిహ్వ. దంతప్రాకారాన్ని ఢీకొని, ఓష్ఠకవాటాలను బద్దలు కొట్టబోతూ, ప్రళయకాల మేఘంలా గర్జించింది: "ఓయీ వృద్ధవీరా, ముగ్గురు పసికందులు ఏటి ఒడ్డున అనాథలై నిలిచి ఉండగా, అట్ట పట్టుకుని గోడకు ఆనుకోవడమా గురుధర్మం? ఒక్క మాట. పోనీ, ఒక్క దగ్గు." మాస్టారి చెవులు కందగడ్డలయ్యాయి. ఆయన గింజను చప్పరించారు. పులుపు నషాళానికి అంటి, శత్రువు ఒక అడుగు వెనక్కి తగ్గింది.

నజునా కాగితం అంచున పడవలు గీస్తోంది. ఐదు పడవలు, ఒక్కోదానిలో నాలుగు తలకాయలు. చివర ఒడ్డున ముగ్గురు. గీసిన చెయ్యి ఆగింది. జింటా వైపు చూసింది. వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అప్పుడు తలెత్తి మాస్టారి మొహంలోకి చూసింది.

"మాస్టారూ, ఈ ముగ్గురూ ఇంటికి వెళ్ళిపోయారా?"

అదీ మహాసంగ్రామపు పరాకాష్ఠ. 'లేదమ్మా' అనే మాట పెదవి దాకా వచ్చింది. వేరే దారి లేక, ఆ వీరాగ్రేసరుడు గింజతో సహా దాన్ని గుటుక్కున మింగేశారు. మొహం కొండరాయిలా ఉంచారు. ఆ రాతిలో జవాబు దొరక్క, నజునా మళ్ళీ తన బొమ్మలోకే చూసుకుంది.

చెయ్యి పైకి లేచింది. "ఇంకో పడవ కావాలి టీచర్."

"ముగ్గురికేనా? ఖాళీ మిగులుతుందిగా," అన్నాడు జింటా.

"మిగలనీ. చీకటి పడితే వాళ్ళకి భయమేస్తుంది."

పాఠం ముగిశాక చర్చాసభ. పసుపు సుద్దా తెల్ల సుద్దా అని ఒక మహారథి, బోర్డు మీద అక్షరాల వాలు గురించి ఇంకో అతిరథుడు గంటసేపు బాణాలు కురిపించుకున్నారు. నజునా పేరు ఎవరి నోటా రాలేదు. నెగోరో మాస్టారి వంతు వచ్చింది. ఆయన లేచి, సభ నలుమూలలా సింహావలోకనం చేసి, "నేను మాట్లాడలేదు," అని కూర్చున్నారు.

గుమ్మం దగ్గర హిరుమా టీచరు ఆయన బూట్లు ముందుకు జరిపింది. "చూశాను మాస్టారూ. ఏదో మింగారు."

"గింజ. వీరమరణం పొందింది."

అష్టదిక్కులారా, వినండి. నలభై ఐదు నిమిషాలపాటు ఒక ఉపాధ్యాయుడు నోరు మూసుకున్నాడు. ఒక పిల్ల ఆరో పడవ గీసింది. ఇంతకు మించిన విజయం ఆ సీమ చరిత్రలో లేదు.

విద్యాకార్యాలయం నుంచి వచ్చిన పెద్దమనిషి కూడా ఆ పాఠం చూశాడు. ఇంత బాగా చెప్పే టీచరు ఒక్క తరగతి గదిలో ఉండిపోకూడదన్నాడు. ఆ సీమలో కొత్త చదువుల ఏడు మొదలయ్యే ఏప్రిల్ ఒకటో తేదీన హిరుమా టీచరును ఆ కార్యాలయానికి తీసుకుపోయారు, పాఠం ఎలా చెప్పాలో మిగతావాళ్ళకు చెప్పడానికి. నజునా వాళ్ళ బడికి ఆమె మళ్ళీ రాలేదు.