పటంలో మా ఊరి నీళ్ళు తియ్యన

మనిషిని మనిషిగా చూడకుండా, పక్కింటాయన్ని చూసి ఇతనూ అంతే అయి ఉంటాడని లెక్కగట్టెయ్యడం మహా గొప్ప పద్ధతి. దానివల్ల దేశానికి ఎంత టైము కలిసొస్తోందో మీరెప్పుడైనా ఆలోచించారా?

మీరు విసుక్కుంటారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి. మొన్న నా ఫోను వాన అని చెప్పింది. వాన రాజోలులో. మా ఊరు రాజోలుకి దగ్గరే కాబట్టి మా ఊళ్ళోనూ వానే అని ఫోను తీర్మానం. అప్పటికి మా ఆవిడ నాగదుర్గ డాబా మీద వడియాలు ఎండబెడుతోంది. నేను సైన్సుని గౌరవించేవాణ్ణి. రెయిన్‌కోటు తొడుక్కుని బజారుకెళ్ళి, చెమటతో నిలువునా తడిసి ఇంటికొచ్చాను. తడుస్తానని ఫోను చెప్పిన మాట నిజమే అయింది కదా!

ఇంకోటి వినండి. మా వీధిలో సగం ఇళ్ళవాళ్ళు గల్ఫులో ఉన్నారు. ఆ లెక్కన నేనూ మస్కట్‌లో సంపాదించి వచ్చి ఉంటానని ఎవరో ఇన్సూరెన్సు కుర్రాడు ఫోన్ చేసి, సార్ సార్ అంటూ చాలాసేపు మాట్లాడాడు. వారం వారం వ్యాసాలు రాసుకు బతికే నన్ను రియాళ్ళున్న మనిషిగా చూసినవాడు లోకంలో అతనొక్కడే. కాదని చెప్పి ఆ పిల్లాడి మనసెందుకు కష్టపెట్టాలి? మా ఎదురింటాయనకి షుగరని, పెళ్ళిళ్ళలో నా విస్తట్లో కూడా స్వీటు వెయ్యడం మానేశారు. నా ఆరోగ్యం ఇలా నిలబడిందంటే ఆయన చలవే.

ఇంత ఉపకారం చేసే పద్ధతికి శాస్త్రం ఉంది. స్పేషియల్ స్టాటిస్టిక్స్ అంటారు. మన దేశంలో దాని పేరు కూడా ఎవరికీ తెలియని రోజుల్లో ఆ పని మొదలుపెట్టినాయన మా ఊరి మనిషే. పేరు ప్రొఫెసర్ బాబూరావు గారు. హైస్కూల్లో ఆయన లెక్కలు చేస్తుంటే నేను పక్కన కూర్చుని చూసి రాసేవాణ్ణి. కాబట్టి పక్కవాణ్ణిబట్టి జవాబు అంచనా కట్టడంలో ఆయనకంటే నేనే సీనియర్ని. ఈ సంగతి ఆయన ఏ పుస్తకంలోనూ రాయలేదు. పోనీలెండి, గొప్పవాళ్ళకి మతిమరుపు ఉంటుంది.

ఆయన చెప్పింది చాలా తేలిక. అన్ని చోట్లా కొలవలేం. కొలిచిన చోట్లనిబట్టి కొలవని చోటు సంగతి చెప్పాలి. దగ్గరున్నదాని మాట ఎక్కువ వినాలి, దూరంగా ఉన్నదాని మాట తక్కువ వినాలి. భూమి కింద గ్యాసెంతుందో, అడవిలో కలపెంతుందో, జ్వరాలు ఏ ఊరివైపు వస్తాయో, అన్నిటికీ ఇదే సూత్రం. చివర్లో మాత్రం ఒక చాదస్తం. నా అంచనా ఇంతవరకూ తప్పు కావచ్చునని కూడా రాయాలంటారు. ఇన్నేళ్ళుగా కాలమ్ రాస్తున్నాను, నా వ్యాసం కింద అలాంటి మాట ఒక్కసారైనా చూశారా మీరు?

ఆ ఆలోచన ఆయనకి వాళ్ళమ్మగారి దగ్గర పుట్టింది. వాళ్ళది ఊరి చివర పేట. తండ్రి బళ్ళో పాఠాలు చెప్పేవారు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవారు. తల్లి సత్యవతమ్మ గారు పొలం పనులకి వెళ్ళేవారు. పేటలో ఉన్న ఒక్క నుయ్యీ ఉప్పు. ఊళ్ళో నూతుల దగ్గరికి ఆవిణ్ణి రానిచ్చేవారు కాదు. ఆవిడ కాలవ నీళ్ళూ, పొలాల్లో గుంటల నీళ్ళూ రుచి చూసి, వాటినిబట్టి ఏ ఇంటి నుయ్యి ఎలా ఉంటుందో చెప్పేవారట. "ఆ డాబా ఇంటోళ్ళ నూతిలో నీళ్ళు తియ్యగుంటాయిరా" అన్నారట ఒకసారి కొడుకుతో. తాగనివ్వని నీళ్ళ రుచి తెలుసుకోవడం ఎలాగ అన్నదే ఆయన జీవితమంతా చేసిన లెక్క. ఆ డాబా ఇల్లు మాది.

ఆవిడ అంచనా ఆ రోజుల్లో నిజమే. తర్వాత చుట్టూ రొయ్యల చెరువులొచ్చాయి. మా నూతి నీళ్ళతో ఇప్పుడు పప్పు వండితే విడిగా ఉప్పు వెయ్యక్కర్లేదు. నేను దీన్ని కూడా ఆదా కిందే రాసుకుంటున్నాను.

రిటైరై ఊరొచ్చేసిన బాబూరావు గారికి ఈమధ్య సర్కారువాళ్ళు ఒక పని అప్పజెప్పారు. గోదావరి నీళ్ళు శుభ్రం చేసి పైపులో తెస్తారట. ఏ ఊళ్ళో నీళ్ళు బాగా ఉప్పో పటం గీసిస్తే ముందు ఆ ఊళ్ళకి ఇస్తారట. ఇంటింటికీ తిరగలేరు కాబట్టి వీధికో ఇల్లు ఎంచుకున్నారు. మా వీధికి మా ఇల్లు. చదువుకున్నవాణ్ణి, పేపర్లో రాసేవాణ్ణి, నమ్మదగ్గవాణ్ణి. ఆయన ఎంపికలో తప్పేం లేదని మీరూ ఒప్పుకోవాలి.

ఖాళీ సీసా పట్టుకుని వచ్చారు. "నేనే తోడుకుంటానండీ, నుయ్యి చూపించండి" అన్నారు.

"మీరు తోడుకోవడమేంటండీ, నలుగురూ వింటే మా మొహాన ఉమ్మెయ్యరాండీ" అంది నాగదుర్గ. ఆయన్ని ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టేసి, కొబ్బరిబొండం చేతికిచ్చి, సీసా లాక్కుని లోపలికెళ్ళింది. వాళ్ళమ్మగారిని చిన్నచూపు కొద్దీ మా నూతి దగ్గరికి పోనివ్వలేదు. ఆయన్ని గౌరవం కొద్దీ పోనివ్వలేదు. మా ఇంట్లో ఎంత అభివృద్ధి జరిగిందో చూడండి!

నేను వెనకాలే వంటింట్లోకి వెళ్ళాను. నాగదుర్గ మినరల్ వాటర్ టిన్ను వంచి సీసా నింపుతోంది.

"అదేంటే, నూతి నీళ్ళు కదా అడిగేరు?"

"అంత పెద్దాయన చేతిలో ఆ ఉప్పునీళ్ళు ఎలా పెడతామండీ?"

"ఆయన తాగడానిక్కాదే, పరీక్షకి."

"పరీక్షకైతే మరీను. ఎంతమంది చూస్తారో ఏంటో."

ఈ తర్కానికి జవాబు మీ దగ్గరుంటే కార్డు ముక్క రాసి పడెయ్యండి. నేను సీసాకి మూత బిగించాను. పైగా మంచినీళ్ళిచ్చి మర్యాద చేశామన్న తృప్తి ఒకటి. సీసా మీద మా ఇంటిపేరు రాస్తుంటే అక్షరాలు బాగా కనబడేలా రాయమని నేనే చెప్పాను.

కొన్నాళ్ళకి ఆయన పటం పట్టుకుని మళ్ళీ వచ్చారు. ఉప్పున్నచోటల్లా ఎరుపు. మా ఇంటి దగ్గర మాత్రం నీలం. దగ్గరున్నదాని మాట ఎక్కువ వినాలి కదా, అందుకని మా నీలం వీధంతా పాకి, పేట దాకా వెళ్ళింది.

"ప్రకాశరావుగారూ, ఇది నా లెక్కకి అందట్లేదండీ. చుట్టూ ఇంత ఉప్పుంటే మీ నుయ్యొక్కటీ ఇలా ఉండకూడదు. ఆ సీసాలోవి మీ నూతి నీళ్ళేనాండీ?"

"ఆయ్" అన్నాను.

బయటి పాఠకుల కోసం చెబుతున్నాను, మా వైపు ఆయ్ అంటే అవునండీ అని. నోటికి అంత తేలికైన మాట ఇంకోటి లేదు.

ఆయన పటం చుట్టేశారు. "అయితే నా లెక్కే ఎక్కడో తప్పయ్యుంటుందండీ. మీ నుయ్యి తియ్యనని మా అమ్మ కూడా అనేది" అన్నారు. నా ఒక్క మాట కోసం తన శాస్త్రాన్నే తప్పుపట్టుకుని, పటం అలాగే పంపించేశారు.

పైపు ఏ దారిన వెయ్యాలో పోయిన వారం ముగ్గుతో గీతలు గీశారు. తవ్వకం ఇంకా మొదలవలేదు. ఆ గీత మా ఊరి పొలిమేర దాకా వచ్చి పక్కకి తిరిగి, అవతలి ఊరికి వెళ్ళిపోయింది. నేను సంతోషించాను. రోడ్డు తవ్వే బాధ తప్పింది, దుమ్ము తప్పింది, టిన్నుల వ్యాపారం చేసుకునే మోహన్ పొట్ట కొట్టకుండా ఉన్నాం. ఇన్ని లాభాలు వరసగా పెట్టి ఈ వ్యాసం రాద్దామని అరుగు మీద కూర్చున్నాను.

అప్పుడు అమ్మాజీ వచ్చింది. మా వీధి చివర పాకలో ఉంటుంది. వాళ్ళత్తగారికి కాళ్ళు పొంగితే, ఉప్పు బొత్తిగా తగలకూడదని డాక్టరు చెప్పారు. రోజూ టిన్ను కొనే స్తోమత వాళ్ళకి లేదు.

"బాబాయిగారూ, మీ నుయ్యి తియ్యనని పటంలో పడిందంట కదండీ. మా అత్తకి ఒక బిందెడు తోడుకోనాండీ?"

నా నోట్లోంచి ఆయ్ అని వచ్చేసింది. అమ్మాజీ తోడుకుంది. దోసిలితో కాసిని తాగింది. నేను కాగితం మీంచి తలెత్తలేదు.

"బాగున్నాయండీ" అని బిందె చంకనెత్తుకుంది.

అది గేటు దాకా వెళ్ళాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. సిగ్గేసింది. కాగితం అక్కడే పడేసి లేచాను.

"అమ్మాజీ, ఆగు. అవి పెద్దావిడకి పట్టకు. ఉప్పునీళ్ళవి."

"తెలుసండీ" అంది నెమ్మదిగా. "అందరికీ తెలుసండీ. ఆ సీసాలోవి మీ నూతివి కావని కూడా తెలుసండీ. మీరే చెప్తారని ఊరుకున్నామండీ. మేమెలా అంటామండీ మిమ్మల్ని?"

ఆ బిందె అమ్మాజీ దగ్గర తీసుకుని భుజానికెత్తుకున్నాను. అసలు నూతి నీళ్ళు చేరాల్సిన బాబూరావు గారి ఇల్లు పేటకి అవతల. జీవితంలో బిందె మొయ్యనివాణ్ణి కదా, సగం చొక్కా మీదే ఒలికింది. దారి పొడుగునా అరుగుల మీదవాళ్ళు లేచి నిలబడి, ఎక్కడికండీ అని మర్యాదగా అడిగారు. బిందెలో ఏముందని మాత్రం ఒక్కరూ అడగలేదు.