హీరోయిన్‌కు పథ్యం

శనివారం పొద్దున దేవమ్మ పెట్టుకున్న పనులు ఎక్కువేమీ కావు. చేను గట్టున ఉన్న పుంటికూర, అదే గోంగూర, కోసుకురావాలి, జొన్నలు పిండి పట్టించాలి, పల్లీలు వేయించి పెట్టుకోవాలి. మర్నాడు పాన్‌గల్‌లో సభ. మాంసం మానండి, మూగజీవాల మీద దయ చూపండి అని చెప్పడానికి సినిమా హీరోయిన్ శర్వాణి హైదరాబాద్ నుంచి వస్తోంది. ఆమెను తీసుకొచ్చే సంస్థవాళ్ళకూ పెద్దమనుషులకూ వండిపెట్టే పని దేవమ్మ ఉన్న మహిళా సంఘానికి దక్కింది.

వంట ఒక్కటే అయితే దేవమ్మ లెక్కచేసేది కాదు. అసలు సంగతి వేరే ఉంది. వనపర్తి ఆఫీసుల దగ్గర పెట్టబోయే క్యాంటీన్ ఏ సంఘానికి ఇవ్వాలో తేల్చే ధనలక్ష్మి మేడం కూడా ఆ పంక్తిలోనే కూర్చుని తింటుంది. వంట నచ్చితే క్యాంటీన్ పాన్‌గల్ సంఘానిది, లేదంటే కొత్తకోట సంఘానిది. క్యాంటీన్ వస్తే దేవమ్మా, కోడలు రజితా ఈ ఏడు మూటలు కట్టుకుని పుణె బస్సు ఎక్కనక్కర్లేదు. అక్కడ ఇటుకలు మోసి మోసి దేవమ్మ నడినెత్తి మీద వెంట్రుకలు పలచబడ్డాయి. ఇక ఆ బస్సు ముఖం చూడనని ఆమె పంతం పట్టింది.

చిక్కల్లా ఒకటే. దేవమ్మకు మండలంలో పేరొచ్చింది తలకాయ కూరతో. ఆమె కూర వండుతోందంటే పిలవని చుట్టాలు కూడా దారి తప్పినట్టు అటే వచ్చేవాళ్ళు. అందుకే ధనలక్ష్మి మేడం మొన్న నవ్వుతూ, కూరగాయలతో నీ చెయ్యి ఆడుతుందా అని అడిగింది. ఆ నవ్వు దేవమ్మకు రెండు రోజులుగా అరగడం లేదు.

పల్లీలు వేయిస్తుండగా ఫోన్ మోగింది. సంస్థ తరఫున సభ ఏర్పాట్లు చూసే సాయితేజ అట. హీరోయిన్‌కు ఏమేం పెట్టకూడదో చెప్పడానికి చేశాడు. మాంసం, చేప, గుడ్డు కూడదన్నాడు. అది తెలిసిందే. పాలు కూడదన్నాడు. పెరుగు కూడదన్నాడు. నెయ్యి చుక్క కూడా తగలకూడదన్నాడు. చివరికి మజ్జిగ, తేనె కూడా వద్దన్నాడు.

"ఎన్ని దినాల సంది సారూ గిట్ల?" అని మెల్లగా అడిగింది.

"రెండేళ్ళయిందమ్మా. మొదట్లో బాగా నీరసపడ్డారు. ఇప్పుడు పర్వాలేదు. తనకు తెలిసింది నలుగురికీ చెప్పాలనే ఊళ్ళు తిరుగుతున్నారు" అన్నాడు సాయితేజ.

రోగి కోరేదీ పాలే, వైద్యుడు ఇచ్చేదీ పాలే అంటారు. పాలే కూడని రోగి అంటే అది ఎంత పెద్ద రోగమో ఎవరైనా చెప్పగలరు. దేవమ్మ ఫోన్ పక్కన పెట్టి, పల్లీలు చెరుగుతున్న మౌలాబీ వైపు చూసింది. మౌలాబీ సంఘంలో ఆమెకు కుడిభుజం.

"పాపం, ఆ పిల్లకు కామెర్లు మౌలాబీ."

"కామెర్లయితే మజ్జిగ తాగమంటరు గదక్కా?"

"ముదిరితే మజ్జిగ గూడ బందే. మా చిన్నమ్మకు గట్లనే చేసిండ్రు."

అయినా ఒకసారి చూసి నిర్ధారించుకుందామని ఇద్దరూ బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీ దాకా నడిచారు. అచ్చు వేసినవాడు పసుపు రంగు దగ్గర చెయ్యి జారాడో ఏమో, హీరోయిన్ ముఖం పచ్చగా ఉంది, కళ్ళు పచ్చగా ఉన్నాయి, నవ్విన పళ్ళు కూడా పచ్చగానే ఉన్నాయి. ఇక అనుమానం దేనికి? ఆడపిల్ల పరువు విషయం, ఎవరికీ చెప్పొద్దని దేవమ్మ మౌలాబీ చేత ఒట్టు వేయించుకుంది.

మౌలాబీ మంచి మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు, అంతే. ఒట్టు పరాయివాళ్ళ సంగతిలో గానీ కట్టుకున్నవాడి దగ్గర కాదు కదా అనుకుని మొగుడు అమానుల్లాకు ఒక్కడికే చెప్పింది. అమానుల్లా పాన్‌గల్ నుంచి వనపర్తికి షేర్ ఆటో నడుపుతాడు. ఆటో ఎక్కినవాళ్ళు ఎక్కుతున్నారు, దిగినవాళ్ళు దిగుతున్నారు, రోగం మాత్రం లోపలే కూర్చుని పెరుగుతోంది. పాన్‌గల్‌లో ఉత్త కామెర్లుగా బయల్దేరినది సగం దారిలో కాలేయం చెడడం అయింది. వనపర్తి బస్టాండు చేరేసరికి హైదరాబాద్ డాక్టర్లు చేతులెత్తేశారు. తిరుగు ప్రయాణంలో, మాసయ్య పసరు మందు కోసమే ఆమె పాన్‌గల్ వస్తోందనీ, సభ అనేది వట్టి సాకనీ తేలిపోయింది.

మాసయ్య ఒకప్పుడు కామెర్లకు పసరు ఇచ్చి పేరు తెచ్చుకున్న ముసలాయన. దవాఖాన వచ్చాక జనం ఆయన గుమ్మం తొక్కడం మానేశారు. అలాంటివాడి దగ్గరికి సాక్షాత్తూ సినిమా హీరోయిన్ వస్తోందంటే ఆయన నడుము దానంతటదే నిటారైంది. వెంటనే పథ్యం ప్రకటించాడు. పసరు తాగిన ఇంట్లో ఆ పూట మాంసం ఉడకకూడదు, తాలింపు ఘాటు రోగి ముక్కుకు తగలకూడదు. అది పాతకాలం నుంచీ ఉన్న కట్టడే, అందరికీ తెలుసు. కానీ మాసయ్య దానికి కొత్త ముడి వేశాడు.

"ఆ పిల్ల ఎవరింటికి చుట్టమొస్తున్నది? ఊరికొస్తున్నది. గందుకని ఊరంత ఒక్క ఇల్లే. రేపు ఎవ్వరింట్ల పొయ్యి మీద తాలింపు పడొద్దు."

ఆదివారం నాడు ముక్క లేకుండానా అని మగవాళ్ళు కాసేపు గొణిగారు. ఆడవాళ్ళు వాళ్ళ నోళ్ళు మూయించారు. టీవీలో ఆ పిల్ల ఏడిస్తే కూడా ఏడ్చినవాళ్ళు, నిజంగా చావుబతుకుల్లో ఉందంటే ఊరుకుంటారా? మటన్ కొట్టు రియాజ్ ఆదివారం కోసం బలిసిన పొట్టేలును తెచ్చి కట్టేసుకున్నాడు. మొదట ససేమిరా అన్నాడు. ఆయన కూతురు ఇక్రాకు శర్వాణి అంటే పిచ్చి. ఆ పిల్ల అన్నం ముట్టకుండా గోడ వైపు తిరిగి కూర్చునేసరికి రియాజ్ ఎవరినో తిట్టుకుంటూ షట్టర్ దించేశాడు.

ఈ గాలివాన అంతా చుట్టూ తిరిగి వచ్చి పడింది దేవమ్మ పొయ్యి మీదే. రోగికి వేరేగా వండి, మేడంకు ఘుమఘుమలాడే తాలింపులతో వడ్డించాలని ఆమె అనుకుంది. ఆదివారం పొద్దున నూనె మూకుడు పొయ్యి మీద పెట్టగానే మాసయ్య ముక్కు ఎగబీలుస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. తాలింపు లేదన్నాడు. నూనె వద్దన్నాడు. ఉప్పు కూడా వద్దనబోయాడు గానీ ఆ ఒక్కదాని మీద దేవమ్మ పోట్లాడి గెలిచింది.

ఆయన వెళ్ళాక తాలింపు లేని పప్పు నాలుక మీద వేసుకుని చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పప్పులో ఆమెకు పుణె బస్సు కనిపించింది.

"అత్తా, ఏడిస్తే పప్పుల ఉప్పెక్కువైతది. చెప్పు, ఏం జేద్దాం?" అంది రజిత.

దేవమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నూనె లేకుంటే పోయె, నిప్పులు ఉన్నాయి కదా అనుకుంది. పచ్చిమిరపకాయలు, వంకాయలు, ఉల్లిగడ్డలు నిప్పుల మీద కాల్చింది. వేయించిన పల్లీలతో కలిపి రోట్లో దంచింది. పుంటికూర పప్పులో కాల్చిన వెల్లుల్లి నలిపి వేసింది. పొయ్యి పక్కనే రజిత జొన్న రొట్టెలు కొడుతుంటే చప్పుడు వీధి చివరి దాకా వినిపించింది. దేవమ్మ నువ్వులు, బెల్లం కలిపి ముద్దలు కట్టింది. తలకాయ కూరకు కూడా ఆమె ఏనాడూ అంత కష్టపడలేదు.

కార్లు వచ్చాయి. అప్పటిదాకా తిరిగిన ఊళ్ళల్లో సాయితేజకు ఖాళీ కుర్చీలే ఎదురయ్యాయి. ఆదివారం పూట మాంసం మానమని చెప్తే వినడానికి ఎవరొస్తారు? కానీ పాన్‌గల్‌లో నిలబడడానికి జాగా లేదు. బత్తాయిల సంచులతో, బ్రెడ్డు ప్యాకెట్లతో, కొబ్బరి బొండాలతో చుట్టుపక్కల ఊళ్ళన్నీ పరామర్శకు దిగాయి. ఊళ్ళో ఎక్కడా మాంసం వాసన లేదు. మటన్ కొట్టుకు షట్టర్ దించి ఉంది. ఇదేంటని సాయితేజ అడిగితే, ఆమె కోసమే బంద్ పెట్టామని, ఒక ప్రాణం కంటే బేరం ఎక్కువా అని రియాజ్ బరువుగా చెప్పాడు. సాయితేజ ఆ మాటలన్నీ ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

శర్వాణి కళ్ళు చెమర్చాయి. వెంటనే నలుగురు ఆడవాళ్ళు ఆమెను పొదివి పట్టుకున్నారు. ధైర్యంగా ఉండమన్నారు. ఇంకా వయసుందన్నారు. ఇంతలో మాసయ్య జనాన్ని చీల్చుకుంటూ ఇత్తడి గిన్నెతో వచ్చాడు. అందులో చిక్కటి ఆకుపచ్చ పసరు. దాన్ని తాగిన మగవాళ్ళు కూడా తల్లిని తలచుకుని ఏడ్చిన సందర్భాలు ఊళ్ళో ఉన్నాయి.

"గ్రీన్ జ్యూసా? నేను రోజూ తాగుతాను" అంటూ శర్వాణి గటగటా తాగేసింది. పెదవులు తుడుచుకుని, "ఇంకొంచెం ఉందా తాతా?" అంది.

మాసయ్య ఖాళీ గిన్నెలోకి తొంగి చూశాడు. ఇన్నేళ్ళ వైద్యంలో రెండోసారి అడిగిన రోగిని ఆయన చూడలేదు.

భోజనాలు మొదలయ్యాయి. ధనలక్ష్మి మేడం తల వంచుకుని తింటోంది గానీ ఒక్క మాటా అనడం లేదు. ఆమె ముఖం చూసి దేవమ్మకు ఏమీ అంతుపట్టలేదు. పక్కన శర్వాణి మాత్రం రొట్టె మీద రొట్టె వేయించుకుంటోంది. కామెర్లవాళ్ళకు మెతుకు సహించదు కదా, ఈ పిల్లకు ఇదేం ఆకలి? దేవమ్మ ఇక ఉండబట్టలేక వంగి చెవిలో అడిగింది.

"బిడ్డా, కండ్లు పచ్చవడి ఎన్ని దినాలైంది?"

"ఎవరి కళ్ళమ్మా?"

"నీవే. పాలు, పెరుగు గూడ బంద్ చేసిండ్రట గద డాక్టర్లు."

"డాక్టర్లు కాదు, నేనే మానేశాను. దూడ తాగాల్సిన పాలు మనకెందుకని. నాకు జబ్బేంటమ్మా?"

పాలు దొరక్క తాగనివాళ్ళు దేవమ్మకు ఊరంతా తెలుసు. దొరికీ మానుకున్న మనిషి కనిపించడం ఇదే మొదలు. ఆమె తేరుకునేలోపే శర్వాణి చెయ్యి కడుక్కుని నేరుగా వేదికెక్కి మైకు అందుకుంది. నాకు కామెర్లని ఎవరో చెప్పారట, నాకు ఏ జబ్బూ లేదు అని నవ్వుతూ చెప్పేసింది.

బత్తాయిల సంచులు కిందికి దిగాయి. ఆదివారం పోగొట్టుకున్న మగవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. రియాజ్ మెల్లగా లేచి నిలబడ్డాడు. మాసయ్య గిన్నెను కండువా కింద దాచుకున్నాడు. ఈ పుకారు ఎవరు లేపారన్న ప్రశ్న పుట్టింది, అది మౌలాబీ మీదుగా తన దాకా రావడానికి ఎంతోసేపు పట్టదని దేవమ్మకు అర్థమైంది. ధనలక్ష్మి మేడం నొసలు ముడిపడింది. క్యాంటీన్ కొత్తకోట దారి పట్టడం దేవమ్మ కళ్ళారా చూసింది.

అప్పుడామె పరుగున వేదిక ఎక్కి మైకు లాక్కుంది.

"విన్నరు గద. జబ్బు లేదని ఆ పిల్లనే తన నోటితోటి చెప్తున్నది. జర గా ఫ్లెక్సీ దిక్కు చూడుండ్రి. ఇప్పుడు మనిషిని చూడుండ్రి. మాసయ్య మామ మందు, మీరందరు పట్టిన పథ్యం, ఇంకేం గావాలె?"

వేదిక వెనక కూడా బస్టాండు దగ్గరున్నలాంటి ఫ్లెక్సీయే కట్టి ఉంది. తలలన్నీ పచ్చటి ముఖం వైపు తిరిగాయి, మళ్ళీ ఎండకు ఎర్రబడిన శర్వాణి బుగ్గల వైపు తిరిగాయి. ఒక్క పెట్టున చప్పట్లు మోగాయి. మాసయ్యను నలుగురు భుజాల మీదికి ఎత్తారు. గిన్నె మళ్ళీ బయటికొచ్చింది. శర్వాణి తెల్లబోయి దేవమ్మను చూసింది. దేవమ్మ చేతులు జోడించింది, కళ్ళతోనే బతిమాలింది. శర్వాణి తెలివైన పిల్ల, పైగా నటి. మైకు తీసుకుని, ఒక మనిషి కోసం మీరంతా ఈ రోజు మాంసం మానేశారు, నేను వందసార్లు చెప్పినా ఇంతకంటే సాధించలేనంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అంతలో ఇక్రా పొట్టేలును తోలుకొచ్చింది. శర్వాణి దాని మెడ వాటేసుకుంది. జనం ఈలలు వేస్తుంటే రియాజ్‌కు గుండె ఉప్పొంగి, తీసుకుపొమ్మని తాడు ఆమె చేతిలో పెట్టేశాడు.

ధనలక్ష్మి మేడం వంట పందిరి కిందికి వచ్చింది. నేలకు అంటుకుపోయిన కళ్ళతో దేవమ్మ నిలబడింది.

"పప్పులో తాలింపు దేనితో పెట్టినవ్?"

"తాలింపు లేదు మేడం. నూనె చుక్క గూడ లేదు."

"మరి గంత రుచి ఏడికెల్లొచ్చింది?"

"భయానికెల్లి వచ్చింది మేడం."

మేడం నవ్వింది. ఈసారి నవ్వు గుచ్చుకోలేదు. సోమవారం వనపర్తి వచ్చి క్యాంటీన్ తాళాలు తీసుకోమంది. దేవమ్మ అక్కడే చతికిలబడి, రజిత భుజం మీద తల పెట్టి, ఏడుస్తూ నవ్వింది. ఇక పుణె బస్సు వాళ్ళు లేకుండానే పోతుంది. ఆ సంతోషం పట్టలేక, ఒట్టు తప్పిన మౌలాబీని కూడా దగ్గరికి లాక్కుని ముద్దుపెట్టుకుంది.

పొట్టేలు ఏసీ కారులో కిటికీ పక్కన కూర్చుని హైదరాబాద్ వెళ్ళిపోయింది. రోగికి నయమైనందుకు ఊరు పండగ చేసుకోవాలనుకుంది. సాయంత్రానికి అమానుల్లా ఆటో నిండా వనపర్తి నుంచి కోళ్ళు దిగాయి. వాటికి తాలింపు దేవమ్మే పెట్టింది.