తల్లి వైపా, తండ్రి వైపా

2007 శ్రావణంలో అల్వాల్‌లోని పైడిబాబు కుటుంబం వంశ గౌరవాన్ని తొమ్మిది రోజులపాటు విజయవంతంగా కాపాడినట్టు సర్వులకూ తెలియజేయడమైనది.

విషయం చిన్నదే. పైడిబాబు, దేవికల కొడుక్కి మూడు వారాలు నిండకుండానే ఫిట్స్ మొదలయ్యాయి. మామూలు మందులకు లొంగలేదు. సికింద్రాబాద్‌లోని పిల్లల డాక్టరు చూసి, ఇది పుట్టుకతో వచ్చే అరుదైన లోపం కావచ్చనీ, అదే అయితే ఒక విటమిన్‌తోనే అదుపులోకి వస్తుందనీ చెప్పారు. "రేపు కాదు, ఇవాళే చేర్చండి. ఆలస్యమైన ప్రతి రోజూ మెదడుకు నష్టమే" అన్నారు.

చేర్చేవాళ్లే. కాని ఫారంలో ఒక ప్రశ్న ఉంది: వంశంలో ఫిట్స్, తల్లి వైపా, తండ్రి వైపా? ఇంతటి ప్రశ్నకు నిలబడి జవాబు రాయడం మర్యాద కాదని ఫారాన్నీ బాబునీ ఇంటికి తెచ్చేశారు.

పెద్దల సభ కొలువుదీరింది. తండ్రి వైపున దేవిక అత్తగారు గవరమ్మ, తల్లి వైపున దేవిక తండ్రి నూకయ్య. మేనరికం కనుక ఇద్దరూ ఒక తల్లి కడుపున పుట్టిన అన్నాచెల్లెళ్లే.

"మా ఇంటా వంటా నేదీ రోగం. నీ నెత్తురే అన్నయ్యా!"

"నా నెత్తురు నీ ఒంట్లో నేదేటే?"

ఇందులో నిజమున్నట్టు అందరికీ తోచడంతో సభ వాయిదా పడింది. బాబుకు రోజుకు ఏడెనిమిదిసార్లు ఫిట్స్ వస్తున్నాయి. సభ్యుడు కాడు గనుక అతని అభిప్రాయం అడగలేదు.

సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నారు. గుండు ఏ వైపువాళ్లు చేయించుకోవాలో తేలక మొక్కూ ఆగింది. బిడ్డ ఏ వైపువాడో స్వామికి పట్టింపు ఉంటుందా అని దేవికకు అనుమానం వచ్చింది గాని, బాలింతకు అనుమానాలు మంచివి కావన్నారు. అమెరికా బ్యాంకు ప్రోగ్రాంలో తప్పు దొర్లితే నాలుగు గంటల్లో సరిచేయడం పైడిబాబు ఉద్యోగం. ఇది ఇంటి విషయం గనుక తొందరపడలేదు. "పెద్దోళ్లు తేల్చనీ దేవికా" అన్నాడు.

తొమ్మిదో రోజు బాబు పెదాలు నీలంగా మారాయి. దేవిక ఎవరినీ అడగలేదు. బాబును ఎత్తుకుని ఆటో ఎక్కింది. దారిలోనే ఫారంలో రెండు వైపులా టిక్కు పెట్టి, కింద సంతకం చేసేసింది.

నర్సు పుష్పమ్మ ఫారం వైపు చూడనేలేదు. "ఏందమ్మా, గీ కాయితం కోసమా ఆగిన్రు? ఖాళీగ ఇడిసినా నడుస్తది. జెర బాబును ఇటియ్యి!"

మందు ఎక్కించిన కాసేపటికే ఫిట్స్ ఆగాయి. తొమ్మిది రోజుల్లో ఏం పోయిందో బాబు నడిచి, మాట్లాడే వయసొస్తే గాని తెలియదన్నారు డాక్టరు.

అన్నాచెల్లెళ్లు మాత్రం ఎట్టకేలకు ఒక్కమాట మీదికి వచ్చారు: ఇంటి గుట్టును సంతకం పెట్టి మరీ బయటపెట్టింది కనుక తప్పంతా దేవికదే. అలాంటి కోడలు మన ఇళ్లల్లో లేనందుకు, పాఠకులారా, మనమంతా సంతోషించాలి.