కుర్చీలో అత్తమ్మ ఉంటే క్యూ ఉండదు

విదేశాలకు విహారయాత్ర వెళ్తున్నారా? పాస్‌పోర్టు మరిచినా ఫర్వాలేదు, ఇంట్లో చావుబతుకుల్లో ఉన్న ముసలి మనిషిని మాత్రం మరవకండి!

నవ్వకండి. అనుభవంతో చెప్తున్నాను. నా భార్య మల్లవ్వ గుండె సగం కూడా పనిచేయడం లేదని కరీంనగర్‌లో డాక్టర్ తేల్చాడు. "ఏమడిగితే అది పెట్టండి, ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోండి" అన్నాడు. ఈ మాట వింటే ఎవరైనా ఏడుస్తారు. సిరిసిల్లలో రెడీమేడ్ బట్టల షాపు నడిపే నా అల్లుడు సాగర్ మాత్రం దుబాయి టికెట్లు తీశాడు!

మల్లవ్వ కాదనలేదు. ఆమెకు అక్కడ ఒక్కటే చూడాలని ఉంది. ఇరవై ఏళ్లు మేస్త్రీ పని చేస్తూ నేను ఉన్న లేబర్ క్యాంపు రూము.

"ఇంటికచ్చినంక గూడ గోడకు ఒత్తుకొని కట్టెలెక్క పంటవ్. మంచమంత ఖాళీగుంటది. గక్కడి మంచం ఎంత సన్నగుందో నా కండ్లతోని సూస్తనయ్యా" అంది.

"తప్పకుండ సూద్దం అత్తమ్మా" అన్నాడు సాగర్.

ఇక లాభాలు వినండి. శంషాబాద్‌లో వీల్‌చైర్ కనబడగానే క్యూ పామును చూసినట్టు చీలిపోయింది. ఆమె వెనక నేను, నా కూతురు సౌమ్య, అల్లుడు, అల్లుడి తమ్ముడు, అతని భార్య. జబ్బు ఒక్కరికి, దారి అందరికీ! ఏ వీఐపీ పాసు ఇంత చేస్తుంది?

ఆమె లగేజీ రెండు చీరలు, మందుల డబ్బా. ఆమె టికెట్టు మీద మిగిలిన బరువంతా కుటుంబానికి కానుక. విమానంలో ఆమె అన్నం ముట్టలేదు. అల్లుడి తమ్ముడు రెండు ట్రేలు ఖాళీ చేశాడు. అన్నం పారేయడం పాపం కదా!

దుబాయిలో ఆకాశమంత భవనం ముందు గంటల కొద్దీ నిలబడ్డవాళ్లను చూస్తే జాలేసింది. పాపం, వాళ్లింట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు! మేం నేరుగా లిఫ్టెక్కాం. పైన తల తిరిగి మల్లవ్వ కళ్లు మూసుకుంది. సాగర్ పెట్టిన ఫొటోల్లో దానికే లైకులు ఎక్కువ. "నీ అసొంటి అల్లుడు ఊరికొక్కడుండాలె" అని జగిత్యాల చుట్టాల నుంచి మెసేజీలు.

మాల్‌లో ఆ కుర్చీ మరీ అక్కరకొచ్చింది. కొన్న సంచులన్నీ ఆమె ఒళ్లోనే. చివరకు ముఖం కనబడలేదు.

"బాపూ, అవ్వకు బరువైతుందేమో" అంది సౌమ్య, ఇంకో సంచి పెడుతూ.

"గా రూము ఎప్పుడు సూపెడ్తరు?" సంచుల వెనక నుంచి మల్లవ్వ అడిగింది.

"రేపు అత్తమ్మా."

మర్నాడు ఎడారిలో జీపులెక్కారు. ఎడారిలో క్యూ ఉండదు కాబట్టి మల్లవ్వను తీసుకుపోలేదు. ఆ మర్నాడు బంగారం బజారు. ఆఖరి రోజు నేనే టాక్సీని ఆపాను. సాగర్ అడ్డం నిలబడ్డాడు.

"గా క్యాంపుల ఏముంటది మామా? కంపు! ఫ్లైటుకు టైమైతంది. కుర్చీ రాకుంటే ఇమిగ్రేషన్ల అందరం ఆగిపోతం."

కుర్చీ అన్నాడు, గమనించండి. దాన్ని తానే తోసుకుంటూ ముందుకు నడిచాడు. మల్లవ్వ అందులో ఉంది.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకే ఆమె పోయింది. పెద్దకర్మకు సాగర్ మా కోరుట్లలో ఫ్లెక్సీ కట్టించాడు. వెనక ఆ భవనం, ముందు మల్లవ్వ. "దుబాయి సూసి పోయింది, అదృష్టవంతురాలు" అన్నారు వచ్చినవాళ్లంతా. కళ్లు మూసుకుని ఏం చూసిందని ఒక్కరూ అడగలేదు.

మొన్న అల్లుడు ఫోన్ చేశాడు. "మామా, మోకాళ్లు ఎట్లున్నయ్? నడువొస్తందా? ఎండకాలం సింగపూర్ పోదామనుకుంటున్నం."

నా మోకాళ్ల మీద అతనికి ఇంత ప్రేమ ఉందని ఇన్నాళ్లూ తెలియలేదు!

"కుర్చీల కూసుంట. గని ముందుగాల దుబాయిల దిగి గా రూము సూడాలె" అన్నాను.

"అత్తమ్మనే లేకపాయె. ఇప్పుడు ఎవలకు సూపెడ్తవ్ మామా?"

"నీకే."

ఆ తర్వాత నా మోకాళ్ల సంగతి ఎవరూ అడగలేదు.