ఇంటర్ టైర్లు

గురువారం పొద్దున సీమోను పెద్దగా ఏమీ పెట్టుకోలేదు. మోకాళ్లకు నూనె రాసుకోవాలి, శనివారం ఉట్నూరుకు తీసుకుపోవడానికి పళ్లు కొనాలి, అంతే. నూనె సీసా మూత తీసేలోపే కొడుకు అరుణ్‌కుమార్ ఫోను పట్టుకుని వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. వాడు అలా కూర్చున్నాడంటే అది కారు సంగతేనని సీమోనుకు అనుభవం మీద తెలుసు.

"బాపూ, ఉట్నూర్ దిక్కు ఆరు డిగ్రీల చలి ఉన్నదట. పేపర్ల వచ్చింది."

"అయితే స్వెటర్ ఏస్కో."

"నాకు గాదు బాపూ. కారుకు."

సీమోను సీసాకు మళ్లీ మూత పెట్టేశాడు.

ఆ కారు ఎర్రది. రెండు తలుపులు, రెండు సీట్లు, నేలకు జానెడు ఎత్తు. కార్లకు పాలిష్ పెట్టే దుకాణం నడిపే అరుణ్‌కుమార్, హైదరాబాదులో వరదలో మునిగిన స్పోర్ట్స్ కారును తెచ్చి, రెండేళ్లు దాని కింద పడుకుని బాగుచేశాడు. ఇప్పుడు పెళ్లి ఊరేగింపులకు తిప్పుతున్నాడు. ఆ కారులోంచి పెళ్లికొడుకులై దిగినవాళ్లు కరీంనగర్‌లో వీధికొకరు ఉన్నారు. తోలేవాడికి మాత్రం ముప్పై మూడేళ్లు వచ్చినా పెళ్లి కాలేదు. వచ్చిన సంబంధాల వాళ్లు కారు చుట్టూ తిరిగి, రెండు సీట్లే చూసి, "మరి పిల్లలు పుడితే?" అని అడిగి వెళ్లిపోయేవారు.

ఇప్పుడు ఉట్నూరు సంబంధం వచ్చింది. అమ్మాయి క్యాథరిన్ అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఇద్దరూ ఫోనులో మాట్లాడుకున్నారు, ఒకరికొకరు నచ్చారు. శనివారం పెద్దవాళ్లు మాట్లాడుకుంటే అయిపోతుంది. సీమోను మందమర్రి గనిలో ఉద్యోగం చేసి రిటైరై వచ్చాక భార్య పోయింది. అప్పటినుంచి ఇంట్లో ఇద్దరు మగవాళ్లు పప్పు వండుకుని, టీవీ చూస్తూ తిని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా పడుకుంటున్నారు. ఈ సంబంధం కుదరాలని సీమోను గట్టిగా కోరుకుంటున్నాడు. చర్చిలో కూడా ఆ ఒక్కటే అడుగుతున్నాడు.

"ఏడు డిగ్రీల కిందికి వోతే మన టైర్లు కట్టె లెక్క గట్టిపడుతయ్ బాపూ," అన్నాడు అరుణ్‌కుమార్. "ఖానాపూర్ దాటినంక అన్నీ అడివిల మలుపులే. బ్రేక్ కొడితే ఆగది. వేరే దేశాలల్ల చలికాలం రాంగనే టైర్లు, చక్రాలు అన్నీ మారుస్తరు. వింటర్ టైర్లు అంటరు."

"మనం పొయ్యేది పగటిపూట గదరా."

"పొద్దుగాల ఐదింటికి బయల్దేరుతం గద. నాకు దుకాణంల పని ఉన్నది. జర నువ్వే పర్శరాములన్న దగ్గరికి పో. యాది పెట్టుకో. ఇప్పుడున్న చక్రం పందొమ్మిది, దాన్ని పదిహేడు చేయాలె. టైరు ఎత్తు ముప్పై అయిదు, దాన్ని యాభై చేయాలె. చక్రం చిన్నగయితే టైరు ఎత్తుగుంటది, గుంతలల్ల దెబ్బ తాకది."

సీమోను పందొమ్మిది పదిహేడు, ముప్పై అయిదు యాభై అని గొణుక్కుంటూ ఆటో ఎక్కాడు. పళ్ల సంగతి మరిచిపోయాడు.

పర్శరాములు టైర్ల దుకాణం మెట్టు మీద కాలు పెడుతుండగా ఫోను మోగింది. క్యాథరిన్ తండ్రి అంబదాస్. ఆయన ఉట్నూరు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యాడు. ఇంటర్ పరీక్షల్లో చిట్టీలు పట్టడంలో ఏజెన్సీ అంతా పేరున్న మనిషి. శనివారం పదింటికల్లా రమ్మని చెప్పాడు. సీమోను సరేనని, కట్ చేయడానికి ఎర్ర గుర్తు మీద బొటనవేలు నొక్కాడు. ముప్పై ఏళ్లు బొగ్గు పని చేసిన ఆ వేలిని ఫోను ఏనాడూ సరిగ్గా గుర్తుపట్టలేదు. ఆ రోజూ పట్టలేదు. సీమోను ఫోనును జేబులో వేసుకున్నాడు.

అటువైపు అంబదాస్ "హలో, హలో" అని పెట్టేయబోయి, వినబడిన మాటకు ఆగిపోయాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ ఊళ్లో పాతవాళ్ల నోట్లో 'వి' నిలవదు. విత్తనాలు ఇత్తనాలవుతాయి, వీపు ఈపవుతుంది. వింటర్ టైర్లకు కూడా సీమోను నోట్లో అదే గతి పట్టింది.

"పర్శరాములన్నా, మా పోరనికి అర్జెంటుగ ఇంటర్ గావాలె. శనివారం లోపల."

"ఇంటరా? గీడ ఎవ్వలకు లేదే. హైదరాబాద్ల చెప్పి తెప్పియ్యాలె."

"ఇప్పుడు వానికున్నది ముప్పై అయిదు. దాన్ని యాభై చేపియ్యాలె."

"ముప్పై అయిదు ఉంటే నడుస్తది గదనే! కరీంనగర్ అంత గదే నడుస్తుంది."

"కరీంనగర్ల నడుస్తది. ఉట్నూర్ల నడువదంటుండు."

"ఒరిజినల్ కష్టమన్నా. డూప్లికేట్ అయితే రేపే ఇప్పిస్త."

"డూప్లికేట్ వద్దు. మావోడు గుర్తుపడుతడు. ఎవలన్న వాడి పక్కకు పెట్టింది ఉంటే చూడు."

"హైదరాబాద్ల ఎవలదో తెల్లోళ్లది ఉన్నదట, ఇన్న. పేరు రుద్ది తీసేసి, జర మెరుగు పెడితే కొత్తదే అనుకుంటరు."

"నీ పుణ్యం. అదే ఎక్కియ్యి."

ఉట్నూరులో అంబదాస్ చెవి వేడెక్కింది. ఇంటర్ పాసు మార్కు ముప్పై అయిదని ఆయనకు ఎవరూ చెప్పక్కరలేదు. ఎవరో తెల్లోళ్ల సర్టిఫికెట్‌లో పేరు రుద్ది, ముప్పై అయిదును యాభై చేసి, తన ఇంటికే తెస్తున్నారు! ఆయన భార్య హెప్సిబాను పిలిచాడు. హెప్సిబా సంబంధం చూసిన లచ్చవ్వకు ఫోను చేసింది. లచ్చవ్వ శుక్రవారం పొద్దున్నే సీమోనుకు చేసింది.

"సీమోనన్నా, పోరని ఇంటర్ సంగతేంది?"

కొడుకు టైర్ల ముచ్చట ఊరంతా చెప్పుకుంటున్నాడు కాబోలు అనుకున్నాడు సీమోను. మాట్లాడే ఓపిక లేదు. నూనె ఇంకా రాసుకోలేదు.

"రాత్రి బస్సుల ఏసిండ్రట లచ్చవ్వా. ఇయ్యాల వస్తయ్."

"అంటే గిన్నొద్దులు లేనే లేదా?"

"గీ ఊర్లె ఎవ్వలకున్నది? నీకున్నదా?"

"నేను మూడో తరగతి సదివిన. నా ముచ్చటెందుకే? మరి ఒక్కటి వస్తుందా?"

"ఒక్కటి ఎట్ల సరిపోతది? నాలుగు తెప్పిస్తున్న."

"నాలుగెందుకన్నా!"

"మూడు ఏస్కొని పోతే ఉట్నూర్ల నవ్వరా?"

ఈ జవాబు మాట పొల్లు పోకుండా ఉట్నూరు చేరింది. నాలుగు దొంగ సర్టిఫికెట్లు వస్తున్నాయని అంబదాస్ రాత్రంతా నిద్రపోలేదు. సంబంధం వద్దని ఫోనులో చెప్పేద్దామని హెప్సిబా అంది. క్యాథరిన్ రాత్రి డ్యూటీకి పోతూ పోతూ, "రానియ్యుండ్రి. మొఖం మీద అడుగుండ్రి. అబద్ధం చెప్తే నేనే పొమ్మంట," అంది. ఆ మాట చెప్పడానికి ఆమెకు చాలా కష్టమైంది. ఆ మనిషి ఆమెకు నిజంగానే నచ్చాడు.

శనివారం ప్రయాణం గురించి చెప్పుకోవాల్సింది తక్కువ. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బరువు తగ్గించడానికి సీమోను దిగి, నడిచి, మళ్లీ వంగి ఎక్కాడు. జగిత్యాల దాటేసరికి ఆయన దిగడం మానేసి తలుపు పట్టుకుని దేవుడిని తలచుకున్నాడు. ఖానాపూర్ దగ్గర ఎండ చుర్రుమంది. అరుణ్‌కుమార్ మాత్రం, "చూసినవా బాపూ, రోడ్డును ఎట్ల పట్టుకుంటున్నయో!" అంటూనే ఉన్నాడు.

అంబదాస్ ఇంట్లో కుర్చీలు పరీక్ష హాల్లో లాగా దూరం దూరంగా వేసి ఉన్నాయి. లచ్చవ్వ ముందే వచ్చి మూలన కూర్చుంది. క్యాథరిన్ తలుపు దగ్గర నిలబడింది. టీ కప్పు చేతికి రాకముందే అంబదాస్ అడిగాడు.

"ఇంటర్ తెచ్చిండ్రా?"

అరుణ్‌కుమార్ మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లలో కారు గురించి మర్యాదగా అడిగిన మామ ఈయనొక్కడే.

"తెచ్చినం సార్! నాలుగు గూడ తెచ్చినం."

"సిగ్గు లేకుంట చెప్తుండు సూడు," అంది హెప్సిబా.

"ఏడున్నయ్?" అన్నాడు అంబదాస్.

"బయట రోడ్డు మీద ఉన్నయ్ సార్. రాండ్రి, చూపిస్త. యాభై ఎట్ల కనవడుతుందో మీరే చూడుండ్రి."

అందరూ బయటికి వచ్చారు. అరుణ్‌కుమార్ గొంతుక్కూర్చుని టైరు మీద చెయ్యి వేసి, ముప్పై అయిదు ఎందుకు తీసేశాడో, యాభై ఎందుకు పెట్టాడో, పదిహేడు చక్రంలో బ్రేకు ఇముడుతుందో లేదోనని ఎంత పరేషాన్ అయ్యాడో చెప్పుకుపోయాడు. అంబదాస్ కళ్లద్దాలు సర్దుకుని టైరు మీది అంకె చదివాడు. సీమోను వైపు చూశాడు. "ఇంటర్ అంటే... చలికాలమా?" అన్నాడు.

"మరేందనుకున్నరు?" అన్నాడు సీమోను.

అంబదాస్ నవ్వడం మొదలుపెట్టి, కారు మీద చెయ్యి ఆనించి నవ్వాడు. లచ్చవ్వ నవ్వింది. హెప్సిబా కొంగుతో కళ్లు తుడుచుకుంది. జరిగింది అర్థమయ్యాక సీమోను కూడా నవ్వాడు. మూడు రోజుల్లో ఆయన మోకాళ్లను మరిచిపోయింది అప్పుడే. లోపలికి వచ్చాక కుర్చీలు దగ్గరికి జరిగాయి. ఇక అయిపోయినట్టేనని సీమోను టీ పెద్ద గుక్క తాగాడు.

"ఇంతకు అసలు ఇంటర్ల ఎన్నొచ్చినయ్ బాబూ?" అన్నాడు అంబదాస్, ఇంకా నవ్వుతూనే.

ఎన్ని చెప్పినా ఆ పూట చెల్లేది. అరుణ్‌కుమార్ తలుపు దగ్గర నిలబడ్డ క్యాథరిన్‌ను చూశాడు. తర్వాత తలవంచుకున్నాడు.

"పాస్ కాలే సార్. లెక్కలల్ల పోయింది."

అందరికంటే ముందు తేరుకున్నది సీమోను.

"ఏందిరా? పాసైన అంటివి గద! మందమర్రి కాలనీల ఇంటింటికి మైసూర్‌పాక్ పంచిన!"

"పాసైతనని నేననంగనే నువ్వు పంచనే పంచినవ్ బాపూ. తర్వాత రిజల్ట్ వచ్చింది. ఎట్ల చెప్పాలె?"

సీమోనుకు కోపం రాలేదు. అంత ఓపిక లేదు. పప్పు, టీవీ, మాటల్లేని ఇల్లు, మళ్లీ అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. కప్పు కింద పెట్టి లేచాడు. "పా బిడ్డా, పోదాం," అన్నాడు.

"కూసోండి," అన్నాడు అంబదాస్. "ఏప్రిల్ల ఓపెన్ ఇంటర్ ఉంటది. లెక్కలు నేను చెప్త. పాసైనంకనే పెండ్లి."

అప్పుడు క్యాథరిన్ లోపలికి వచ్చింది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి కునుకు కూడా తీయని మనిషి.

"బాపూ, అడిగితే నిజం చెప్పిండు. నాకు గది చాలు. తమ్మునికి లెక్కలు మీరే చెప్పిండ్రు, మూడుసార్లు రాసిండు. పెండ్లి ముందుగాల పెట్టుండ్రి. పరీక్ష ఏడికి పోతది, ఏటేటా వస్తనే ఉంటది."

హెప్సిబా లేచి వంటింట్లోకి పోయి, దించిన కూర మళ్లీ పొయ్యి మీద పెట్టింది. అంబదాస్ క్యాలెండర్ తీసుకురమ్మన్నాడు. పెళ్లిళ్లు చేయని లెంటు ఉపవాస దినాలు మొదలు కాకముందే ఫిబ్రవరిలో పెళ్లి, ఏప్రిల్‌లో పరీక్ష అని పెద్దలు ఖాయం చేశారు. పెళ్లి మాత్రం అనుకున్న రోజునే జరిగింది.