రెండుసార్లు పడ్డ బెల్లం

పదింటికల్లా ఇప్పపువ్వు లడ్డూలు సిద్ధం చెయ్యాలని ఆ పొద్దున పుష్పలత అనుకుంది. ఇల్లందు నుంచి హాస్టల్ వార్డెన్ నిర్మలాదేవి రుచి చూడ్డానికి వస్తోంది. ఆమెకు నచ్చితే ఏడాది పొడవునా పిల్లల ఫలహారం చేసే పని ఈ ఊరి ఆడవాళ్లదే. నచ్చకపోతే మళ్లీ మిరప తోటల్లో కూలికి పోవడమే.

నిన్న చేసినవి చెడిపోయాయి. అత్త కొండమ్మ బెల్లం పాకం పోసి నీళ్లకు వెళ్లింది. అది తెలియని పెద్దత్త పోతమ్మ వచ్చి మళ్లీ పోసింది. బండలా గట్టిపడ్డ ముద్దను ముక్కలు కొట్టి ఓ మూలన పెట్టారు.

పదిమంది ఒకే పనిమీద చెయ్యి పెడితే ఎవరెప్పుడు ఏం చెయ్యాలో కంప్యూటరుకు నియమాలు రాసివ్వడం పుష్పలత ఉద్యోగం. హైదరాబాదు కంపెనీకి ఇంటినుంచే చేస్తుంది. రాత్రికి రాత్రే అలాంటి నియమాలు అత్తల ఫోన్లలోకి ఎక్కించింది. వస్తువు తీసుకున్నవాళ్లు ‘నాది’ అని నొక్కాలి. ‘అయింది’ అని నొక్కేదాకా ఇంకొకరు ముట్టుకోరాదు. ఎవరైనా ‘రద్దు’ నొక్కితే మాత్రం అన్నీ ఎక్కడివక్కడికి పోవాలి.

తొమ్మిదిన్నరకు లడ్డూలు చేసే షెడ్డులోకి వచ్చి చూస్తే, కొండమ్మ పొయ్యి పక్కన, పోతమ్మ ఒళ్లో మూకుడుతో, చెరోవైపు తీరిగ్గా కూర్చున్నారు.

“ఇంకా మొదలు పెట్టలేదేంది అత్తా?”

“పొయ్యి నాది, మూకుడు అక్కది. ఆమె ఇస్తేనే గదా పువ్వు వేయించేది.”

“నా నువ్వులు వేగంది ఎట్ల ఇస్త? పొయ్యి నాకిమ్మను,” అంది పోతమ్మ.

“మేం పెట్టిన రూలా? నువ్వు పెట్టిందే,” కొండమ్మ ముసిముసిగా నవ్వింది.

“పెద్దత్తా, జల్దీ ‘అయింది’ నొక్కుండ్రి!”

“ఫోనేది? నేను ‘నాది’ నొక్కినంక మా రమణ పట్టుకపోయిండు.”

పుష్పలత ఆ ఫోనుకే చేసింది. పోతమ్మ కొడుకు రమణ బస్సులో ఉన్నాడు. విషయం సగం వినగానే, “నొక్కిన వదినా!” అన్నాడు.

“ఏది నొక్కినవ్?”

“ఎర్రగున్నది.”

కొండమ్మ ఫోను గంటలా మోగింది. “రద్దట!” అంటూ ఆమె ఇంటినుంచి తెచ్చిన పొయ్యిని తిరిగి ఇంటికి మోసుకుపోయింది. పోతమ్మ మూకుడు నెత్తిన పెట్టుకుని వెనకే నడిచింది.

“వద్దు అత్తా, ఆగుండ్రి!”

“రూలంటే రూలే!”

అంతలో వార్డెన్ ఆటో దిగింది. ఖాళీ షెడ్డు చూసి, “లడ్డూలేవమ్మా?” అంది. తిరిగొచ్చిన కొండమ్మ, అతిథి వట్టిగా పోవద్దని నిన్నటి ముక్కలే మోదుగాకులో పెట్టి ఇచ్చింది.

నిర్మలాదేవి ఒకటి నోట్లో వేసుకుంది. దవడ కదులుతోంది, మాట రాదు. పుష్పలత కళ్లు దించుకుంది. చాలాసేపటికి వార్డెన్ గొంతు సవరించుకుంది.

“రుచికి రుచి ఉంది. ఇది నోట్లో ఉన్నంతసేపూ మా పిల్లలు అల్లరి చెయ్యరు. రోజూ పంపండి. అచ్చం గిట్లనే ఉండాలె.”

ఇప్పుడు అత్తల ఫోన్లలో ఒక్కటే నియమం మిగిలింది: పాకం ఇద్దరూ పొయ్యాలి, ఒకరు పోసినట్టు ఇంకొకరికి తెలియరాదు.